వంకాయ రంగు తిరిగిన నీళ్ళు: గుంటూరులో ఒక ఉత్తరాల పెట్టె, 1971 శరణార్థి స్టాంపులు

ఉదయం ఏడింటికి ఫోను మోగింది. "అంకుల్, స్టాంపులు ఊడదీద్దామని నీళ్ళలో వేశాను. నీళ్ళు వంకాయ రంగులోకి తిరిగాయి. ఇంకాసేపు ఉంచనా?" లక్ష్మీపురం నుంచి, ఇంజినీరింగ్ చదువుతున్న అమ్మాయి. వాళ్ళ నాన్నగారు అంతకు వారం ముందే నాకు ఫోన్ చేసి, తాతగారి పెట్టెలో పాత స్టాంపులు ఉన్నాయి, ఒకసారి చూసి విలువ చెప్పమని అడిగి ఉన్నారు.

"వెంటనే బయటికి తీసెయ్యమ్మా. తెల్ల నూలుగుడ్డ మీద బొమ్మ పైకి ఉండేలా పరిచిపెట్టు. తుడవద్దు, రుద్దవద్దు. మిగతా ఉత్తరాలు ముట్టుకోకు. నేను వస్తున్నా" అన్నాను. బ్రాడీపేట నుంచి స్కూటర్ మీద పది నిమిషాల దారి. ఆ పది నిమిషాలూ నాకు ఒకటే టెన్షన్. మన దేశపు స్టాంపుల్లో నీళ్ళు తగిలితే వంకాయ రంగు వదిలేవి ఏవో నాకు తెలుసు. అవే అయితే ఆ పిల్ల తెలియక చెరిపేస్తున్నది స్టాంపులో అసలు సంగతినే.

గుంటూరు, విజయవాడల్లో ఇళ్ళలో మిగిలిపోయిన స్టాంపులు, ఉత్తరాలు చూసి, అసలో నకిలీయో చెప్పి, పద్ధతిగా అమర్చి ఇవ్వడం 27 ఏళ్ళుగా నా పని. చాలా ఇళ్ళలో మొదటి ప్రశ్న ఒక్కటే: "గాంధీగారి పది రూపాయల స్టాంపు ఉందేమో చూడండి." 1948 ఆగస్టు 15న వచ్చిన ఆ స్టాంపు మంచిదే, నాకూ ఇష్టమే. కానీ దాని కోసం వెతుకుతూ పక్కనపెట్టే ఐదు పైసల ఎర్ర స్టాంపులే నన్ను ఎక్కువ లాగుతాయి. ఈ కేసు వాటి గురించే.

పెట్టెలో ఏముంది

తాతగారిది ఎండుమిర్చి వ్యాపారం. ఇక్కడి సరుకు కలకత్తా దాకా పంపేవారట. రేకుపెట్టెలో మొత్తం 137 ఉత్తరాలు. ఇన్‌లాండ్ లెటర్లు ఎక్కువ, తర్వాత కవర్లు, కొన్ని కార్డులు. తెనాలి, నరసరావుపేట, విశాఖపట్నం, కలకత్తాల నుంచి వచ్చినవి, ఇంకా చిన్నచిన్న ఊళ్ళవి. అన్నీ 1969 నుంచి 1974 లోపువి. నూలుదారంతో ఏడాదివారీగా కట్టలు కట్టి ఉన్నాయి. లెక్క మనిషి కదా, ప్రతి ఉత్తరం మీదా అందిన తేదీ పెన్సిల్‌తో రాసుకున్నారు. ఆ పెన్సిల్ రాతలు తర్వాత మాకు ఎంత పనికొచ్చాయో చెప్పలేను.

నేను వెళ్ళేసరికి గుడ్డ మీద ఆరు స్టాంపులు ఆరుతున్నాయి. స్టీలు గిన్నెలో నీళ్ళు లేత వంకాయ రంగులో ఉన్నాయి. అమ్మాయి ఉత్తరాల మూలలు కత్తెరతో కత్తిరించి, మొత్తం 20 ముక్కలు చేసింది. అందులో ఆరు నీళ్ళలో పడ్డాయి. మిగతా పద్నాలుగూ పళ్ళెంలో పొడిగా ఉన్నాయి.

ఆరింటిలో రెండిటికి ఏమీ కాలేదు. అవి అచ్చులో ముద్రించిన స్టాంపులు. మిగిలిన నాలుగింటి మీద ఏదో రాసి ఉండేదన్న గుర్తు మాత్రం మిగిలింది, ఒక దాని మీద వంకర గీతలా ఒక్క అక్షరం నిలిచింది. కింద ఉన్న స్టాంపు మాత్రం చెక్కుచెదరలేదు: కుటుంబ నియంత్రణ ప్రచారం కోసం వేసిన ఐదు పైసల ఎర్ర స్టాంపు. దేశమంతా కోట్లలో అమ్ముడుపోయినది. ఆ నాలుగూ ఇప్పుడు అలాంటి మామూలు స్టాంపులే.

అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "యూట్యూబ్‌లో అలాగే చేశారు అంకుల్" అంది. నిజమే, మామూలు స్టాంపులకు అలాగే చేస్తారు. నేనూ చిన్నప్పుడు చేశాను, నాకు నేర్పినవాళ్ళూ అదే నేర్పారు. స్టాంపును కవరు నుంచి విడదీస్తేనే సేకరణ అని ఒక కాలంలో అందరం నమ్మాం. అమ్మాయి తప్పు ఇందులో ఏమీ లేదని వాళ్ళ నాన్నగారికి అక్కడే చెప్పాను.

ఆ ఐదు పైసలు ఎందుకు

1971 మార్చి తర్వాత తూర్పు పాకిస్తాన్ నుంచి సరిహద్దు దాటి మన దేశంలోకి వచ్చిన శరణార్థులు సుమారు కోటి మంది. పశ్చిమ బెంగాల్, త్రిపుర, అస్సాం, మేఘాలయల్లో శిబిరాలు. ఇంతమందికి తిండి, మందులు, గుడారాలు కావాలంటే డబ్బు కావాలి. కేంద్ర ప్రభుత్వం వేసిన పన్నుల్లో ఒకటి తపాలా మీద పడింది. రైలు టికెట్ల మీదా, విమానం టికెట్ల మీదా కూడా వేశారు. 1971 నవంబరు 15 నుంచి ప్రతి ఉత్తరం మీదా మామూలు చార్జీకి అదనంగా ఐదు పైసల శరణార్థి స్టాంపు అంటించాలి. పోస్టు కార్డులకు, పత్రికలకు మినహాయింపు. అప్పుడు ఇన్‌లాండ్ లెటరు 15 పైసలు, కవరు 20 పైసలు. అంటే ఇన్‌లాండ్ 20, కవరు 25 అయింది. పావలా కవరు అని మా ఇంట్లో పెద్దవాళ్ళు అనుకోవడం నాకు గుర్తే.

పన్ను అమల్లోకి వచ్చే రోజుకు కొత్త బొమ్మతో స్టాంపు సిద్ధం కాలేదు. అందుకని చేతిలో ఉన్న ఐదు పైసల కుటుంబ నియంత్రణ స్టాంపు మీద నాసిక్ సెక్యూరిటీ ప్రెస్సులో హిందీలో, ఇంగ్లీషులో "శరణార్థి సహాయం" అనే అర్థం వచ్చే మాటలు నల్లగా అచ్చువేశారు. ప్రభుత్వ కార్యాలయాల ఉత్తరాలకు వాడే సర్వీసు స్టాంపుల మీదా అలాగే వేశారు. అవి కూడా గడువులోగా అన్ని పోస్టాఫీసులకూ చేరలేదు. అప్పుడు తపాలా శాఖ మామూలుగా ఎన్నడూ చేయని పని ఒకటి చేసింది. ఎక్కడి పోస్ట్‌మాస్టరు అక్కడే తన దగ్గరున్న స్టాంపుల మీద ముద్ర కొట్టుకోవచ్చని అనుమతి ఇచ్చింది. బెంగళూరు, జైపూర్, న్యూఢిల్లీ లాంటి చోట్ల ప్రెస్సులో అచ్చువేయించారు. మిగతా చాలాచోట్ల రబ్బరు స్టాంపు, లోహపు దిమ్మె, ఆఖరికి చెక్క దిమ్మె కూడా వాడారు. భాష కూడా ఒక్కటి కాదు, కొన్ని ఇంగ్లీషులో, కొన్ని స్థానిక భాషలో.

స్టాంపు అంటే నోటులాంటిది. నీటిగుర్తు కాగితం, కాపలా ఉన్న ప్రెస్సు, లెక్కపెట్టి పంపే షీట్లు. అలాంటి స్టాంపును ఆ కొద్ది రోజులపాటు ఒక చిన్న ఊరి పోస్టాఫీసు బల్ల మీద, ఇంకు ప్యాడ్ పక్కన పెట్టుకుని ఒక ఉద్యోగి తయారుచేశాడు. రెండు వరుసలు వంకరగా పడ్డాయా, ఒకచోట ఇంకు ఎక్కువైందా అని చూసే తీరిక అతనికి లేదు. కిటికీ అవతల జనం నిలబడి ఉన్నారు. సేకరించేవాళ్ళకు ఈ స్టాంపుల మీద ఉన్న మమకారం అక్కడే ఉంది. ఏ రెండు ఊళ్ళ ముద్రలూ ఒక్కలా ఉండవు. ఏ ఊరి ముద్ర ఎన్ని రోజులు నడిచిందో కవర్లు పోగుచేసుకుని తెలుసుకోవాల్సిందే.

1971 డిసెంబరు 1న శరణార్థుల బొమ్మతో అసలు స్టాంపు వచ్చింది. అది వచ్చాక చేతిముద్రల, అంటే పోస్టాఫీసులో చేత్తో కొట్టిన ముద్రల, అవసరం తీరిపోయింది. డిసెంబరు 16న యుద్ధం ముగిసింది, శరణార్థులు వెనక్కి వెళ్ళారు, పన్ను మాత్రం 1973 మార్చి 31 దాకా నడిచింది. కాబట్టి డిసెంబరు 1 నాటి స్టాంపు ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది. నాసిక్ నల్ల ముద్రది కూడా మామూలే. స్థానిక చేతిముద్రలు, అందులోనూ కవరు మీద, తేదీ చదవడానికి వీలుగా ఉన్నవి మాత్రం వెతుక్కోవాలి.

చేతిముద్ర అంటే ఎవరైనా మళ్ళీ చేయించుకోగలిగినది. ఏ ఊళ్ళోనైనా రబ్బరు స్టాంపులు చేసే కొట్టు ఉంటుంది. అందువల్ల విడి స్టాంపు మీద ఉన్న చేతిముద్ర అసలుదని నేనెప్పుడూ చెప్పను. చెప్పలేను కూడా. దానికి సాక్షి కావాలి, ఆ సాక్షి కవరే.

కత్తిరించిన ముక్కలు

పళ్ళెంలో మిగిలిన పద్నాలుగు ముక్కల్లో ఐదింటి మీద వంకాయ రంగు చేతిముద్ర ఉంది. ఇంగ్లీషులో, రెండు వరుసల్లో, కొంచెం ఎడమవైపు వాలి. ఐదూ ఒకే ముద్ర. పై వరుసలో మొదటి అక్షరం కాలు విరిగి ఉంది, ఐదింటిలోనూ అదే విరుపు. ఇవి వచ్చింది గుంటూరు జిల్లాలో ఒక చిన్న ఊరి నుంచి. తాతగారి అక్కగారు అక్కడ ఉండేవారు. ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే నెల తిరగకుండా ఆ ఊరి ముద్రలు మార్కెట్లో పుట్టుకొస్తాయి.

ముందు చేయాల్సింది ముక్కలను వాటి ఉత్తరాలకు తిరిగి చేర్చడం. ఇన్‌లాండ్ లెటరు ఒకే కాగితం. పైన చిరునామా, లోపల రాత. స్టాంపు మూల కత్తిరిస్తే లోపలి రాత కూడా తెగిపోతుంది. దాంతో పని సులువైంది. మూల లేని ఉత్తరాలన్నీ మంచం మీద పరిచాం. అమ్మాయి ముక్కలు తిప్పి వెనక మాటలు చదువుతుంటే, వాళ్ళ నాయనమ్మగారు ఉత్తరాల్లో తెగిన వాక్యాలు చదివారు. ఆవిడకు 78 ఏళ్ళు. అద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నారు.

ఒక ఉత్తరం దగ్గర ఆవిడ ఆగారు. అక్షరాలు గుండ్రంగా, పెద్దగా ఉన్నాయి. "ఈ రోజు ఆఖరు కార్తీక సోమ" అని ఉంది, అక్కడ కాగితం తెగిపోయింది. అమ్మాయి ముక్క వెనక్కి తిప్పింది. "వారం. ఉపవాసం ఉన్నాను" అని ఉంది. ముక్క మూలకు ఆనించాం. కత్తెర అంచు వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసింది.

"మా ఆడబిడ్డ రాత బాబూ ఇది" అన్నారు ఆవిడ. నేను ముక్క ముందువైపుకు తిప్పి చూశాను. పోస్టు సీలులో తేదీ స్పష్టంగా ఉంది: 15 నవంబరు 71.

వెంటనే ఫోనులో పాత క్యాలెండరు చూశాను. 1971 నవంబరు 15 సోమవారం. ఆ ఏడు దీపావళి అక్టోబరు మూడో వారంలో వచ్చింది, మళ్ళీ అమావాస్య నవంబరు 18న. అంటే అది కార్తీకంలో చివరి సోమవారం. పన్ను అమలైన మొదటి రోజు. ఆ ఊళ్ళో, ఆ రోజే, చేతిముద్ర వేసిన స్టాంపు అమ్మారన్నమాట. పోస్టు సీలు చెప్పిన తేదీని లోపలి ఉత్తరం వేరే దారిలో ఒప్పుకుంది. వెనక తాతగారి పెన్సిల్ రాత: 17-11. మూడు వేర్వేరు చేతులు ఒకే మాట చెప్పాయి. ఇంతకంటే గట్టి సాక్ష్యం నా 27 ఏళ్ళలో నాలుగైదు సార్లకంటే ఎక్కువ చూడలేదు.

ఇంకు వరస కూడా చూడాలి. అసలు చేతిముద్ర స్టాంపు అమ్మకముందు పడింది, పోస్టు సీలు ఆ తర్వాత పడింది. అందుకని నల్లటి సీలు గీత వంకాయ రంగు అక్షరాన్ని దాటేచోట నలుపు పైన ఉండాలి. పది రెట్లు పెంచి చూపే లూప్ పెట్టి, పక్కనుంచి టార్చి వెలుగు వేసి ఐదూ చూశాను. నాలుగింటిలో నలుపు తెగకుండా వంకాయ రంగు మీదుగా సాగింది. ఐదోదానిలో రెండూ కలిసేచోటు లేదు. దాన్ని మొదటి అక్షరం విరుపుతోనే గుర్తుపట్టాలి.

ఇంకో సంగతి ఉంది, నకిలీలు చేసేవాళ్ళు తరచూ మరిచిపోయేది. ముద్ర షీటు మీద కొట్టారు, తర్వాత స్టాంపులు చింపి అమ్మారు. కాబట్టి వంకరగా పడ్డ ముద్ర స్టాంపు అంచు దగ్గర, పళ్ళ దగ్గరే ఆగిపోవాలి. మిగిలిన భాగం పక్క స్టాంపు మీదికి పోయి ఉంటుంది. మా ఐదింటిలో రెండింటికి ఇలాగే చివరి అక్షరం సగంలో తెగింది. కాగితం మీదికి ఒక్క చుక్క ఇంకు పోలేదు.

నీళ్ళలో పడ్డ నాలుగు స్టాంపులు ఏ ఉత్తరాలవో కూడా తేల్చాం. పద్నాలుగు ముక్కలకూ వాటి ఉత్తరాలు దొరికాక మిగిలినవి ఆరు ఉత్తరాలే కాబట్టి. తాతగారి పెన్సిల్ తేదీల ప్రకారం వాటిలో నాలుగు నవంబరు 18 నుంచి డిసెంబరు 3 లోపు అందినవి, అదే ఊరివి. స్టాంపులు పోయినా ఆ ఉత్తరాల వరస పోలేదు. వాటిని కూడా వరసలోనే ఉంచి, స్టాంపు ఉండాల్సిన చోట జరిగిందేమిటో పెన్సిల్‌తో ఉన్నదున్నట్టు రాయించాను. అమ్మాయి చేత్తోనే రాయించాను.

మిగతా కట్టలో మంచివి చాలా ఉన్నాయి గానీ రెండు మూడు మాత్రమే చెబుతాను. కలకత్తా నుంచి తాతగారి గుమాస్తా రాసిన కవరు ఒకటి, నవంబరు చివరిది. సరుకు ధరలు రాసి, చివర నాలుగు వాక్యాలు: సాల్ట్ లేక్ దగ్గర శిబిరంలో జనం పెద్ద సిమెంటు పైపుల్లో కాపురాలు పెట్టారనీ, పిల్లలకు వాంతులు పట్టుకున్నాయనీ, తాను చూడలేక వచ్చేశాననీ. ఆ కవరు మీద నాసిక్ నల్ల ముద్ర స్టాంపు. కేటలాగు ప్రకారం చాలా మామూలుది. నా లెక్కలో ఈ పెట్టెలో మొదటి స్థానం ఆ కవరుదే. స్టాంపు ఎవరి కోసం పుట్టిందో వాళ్ళు ఆ ఉత్తరం లోపల ఉన్నారు.

విశాఖపట్నం నుంచి మరో ఇన్‌లాండ్, డిసెంబరు రెండో వారంది. రాత్రుళ్ళు దీపాలు ఆర్పేస్తున్నారని, సముద్రంలో పెద్ద శబ్దం విన్నామని ఊళ్ళో అందరూ చెప్పుకుంటున్నారని ఉంది. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది ఆ తీరంలోనే. దాని మీద కొత్త బొమ్మ స్టాంపు.

ఇంకొకటి, శరణార్థి స్టాంపు అంటించడం మరిచిపోయి పోస్టు చేసిన కవరు. తక్కువపడితే రెట్టింపు వసూలు చేయడం తపాలా శాఖ మామూలు రూలు. ఐదు తక్కువకు పది పైసలు బకాయి అని సీలు కొట్టి, పోస్టుమ్యాన్ ఆ పది పైసలు తాతగారి దగ్గర తీసుకున్నాడు. దాన్ని ఇంటివాళ్ళు "స్టాంపే లేదుగా" అని పక్కన పడేశారు. ఇలాంటివి సేకరించేవాళ్ళు వెతికి వెతికి తెచ్చుకుంటారు.

1972 చివరలో, 1973 మొదట్లో ఉత్తరాలు పలచబడ్డాయి. జై ఆంధ్ర ఉద్యమం రోజులవి. పోస్టు చేసిన తేదీకీ తాతగారి పెన్సిల్ తేదీకీ మధ్య మామూలుగా రెండు మూడు రోజులుండేది, అప్పుడు పదహారు, పంతొమ్మిది రోజులు కనిపిస్తుంది. ఒకటి విజయవాడ ఆర్.ఎం.ఎస్. (రైల్వే మెయిల్ సర్వీసు) సీలుతో అక్కడే చాలా రోజులు ఆగినట్టుంది. ఎక్కడో బెంగాలు సరిహద్దు కోసం వేసిన ఐదు పైసలు, ఇక్కడ మన రైళ్ళు ఆగిపోయిన రోజుల ఉత్తరాల మీద కూడా ఉన్నాయి. ఈ రెండు చరిత్రలూ ఒకే కాగితం మీద కలవడం గుంటూరు, కృష్ణా జిల్లాల కట్టల్లో తప్ప ఎక్కువగా చూడలేదు.

కొన్న కవరు

నా మూడో రాకకు ఇంటాయన హుషారుగా ఎదురొచ్చారు. "ఇంకోటి సంపాదించానండీ" అని కవరు చేతిలో పెట్టారు. ఒక అమ్మకందారు దగ్గర 3,500 రూపాయలకు కొన్నారట. గుంటూరు చిరునామా, చేతిముద్ర స్టాంపు, 19 నవంబరు 71 సీలు. తాతగారి కట్టకు జోడీగా ఉంటుందని కొన్నారు.

నేను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. ముద్ర చివరి రెండు అక్షరాలు స్టాంపు అంచు దాటి కవరు మీదికి వచ్చాయి. అంటే స్టాంపు అంటించాక కొట్టారు. కిటికీ దగ్గర తొందరలో ఏ ఉద్యోగి అయినా అలా కొట్టి ఉండవచ్చు, ఆ ఒక్కదానికే నకిలీ అనలేను. లూప్ పెట్టాను. వంకాయ రంగు నల్ల సీలు మీద ఉంది. అనుమానం పెరిగింది. అప్పుడు చిరునామా చదివాను. ఇంటి నంబరు, వీధి, గుంటూరు, కింద గీత గీసి 522002.

పిన్ కోడ్ మన దేశంలో మొదలైంది 1972 ఆగస్టు 15న. 1971 నవంబరులో ఉత్తరం రాసినవారికి ఆ ఆరు అంకెలు ఎలా తెలుస్తాయి? తర్వాత ఎవరో రాశారేమో అని ఇంకు పోల్చాను. పేరు, వీధి, పిన్ అన్నీ ఒకే పెన్ను, ఒకే ఒరవడి. కవరు 1972 తర్వాతదే. దాని మీద పాత ఐదు పైసల స్టాంపు అంటించి, ముద్రా, సీలూ రెండూ కొత్తగా కొట్టారు.

ఇంటాయన ముఖం వాడిపోయింది. "మరి నేను చూసుకోవాల్సింది కదా" అన్నారు. "మీరెలా చూస్తారండీ, నేను చూడటం నేర్చుకోవడానికే పదేళ్ళు పట్టింది" అన్నాను. మాటవరసకు అన్నది కాదది. డబ్బు వెనక్కి అడగమన్నాను, అమ్మకందారు ఫోను ఎత్తలేదు. ఈ కేసులో నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఇదే. కోటి మంది ఆకలి కోసం పుట్టిన స్టాంపు మీద మోసం చేయడానికి మనసెలా వస్తుందో.

విలువ, సలహా

డబ్బు సంగతి దాచకుండా చెప్పాను. ఈ పెట్టె అమ్మితే వచ్చేది పిల్ల ఒక సెమిస్టరు ఫీజుకు కూడా చాలదు. విడి స్టాంపులకు దాదాపు ఏమీ రాదు. చేతిముద్ర ఉన్న ఐదు ఉత్తరాలకు, బకాయి కవరుకు, కలకత్తా కవరుకు కొనేవాళ్ళు ఉంటారు. మూలలు కత్తిరించకుండా ఉంటే ధర ఇంకా బాగుండేది. కానీ తొమ్మిది చేతిముద్రల వరస ఒకే ఊరి నుంచి, మొదటి రోజు నుంచి అసలు స్టాంపు వచ్చేదాకా, అందిన తేదీలతో సహా ఉండటం చాలా అరుదు. విడగొట్టి అమ్మితే ఆ వరస మళ్ళీ ఎవరూ కట్టలేరు. అమ్మినా ఉంచుకున్నా మొత్తంగానే చేయమని నా మాట.

కత్తిరించిన ముక్కలను అతికించవద్దన్నాను. సెల్లోటేపు అసలే వద్దు, పదేళ్ళలో పచ్చబడి కాగితాన్ని తినేస్తుంది. ఉత్తరం, దాని ముక్క ఒకే పాలిస్టర్ కవరులో పక్కపక్కన పెట్టాం, ముక్క తన చోట కూర్చునేలా. బజారులో దొరికే మెత్తటి, వాసన వచ్చే ప్లాస్టిక్ షీట్లు వాడొద్దు, ఎండాకాలంలో గుంటూరు వేడికి అవి కాగితానికి అంటుకుని ఇంకును లాగేస్తాయి. రేకుపెట్టె బీరువాలో మధ్య అరలో పెట్టమన్నాను, గోడకు తగలకుండా. వానాకాలం అయ్యాక ఒకసారి తీసి ఫ్యాను గాలికి, నీడలో పరచమన్నాను. ప్రతి ఉత్తరం రెండువైపులా స్కాన్ తీయించాను. నాయనమ్మగారు చదవాలంటే ఇక అసలు కాగితం ముట్టుకోనక్కరలేదు, పెద్ద అక్షరాలతో ట్యాబ్‌లో చదువుకుంటున్నారు.

అమర్చేటప్పుడు అమ్మాయికి ఒక అభ్యాసం ఇచ్చాను. ప్రతి ఉత్తరం కింద మూడు వాక్యాలే రాయాలి: ఎప్పుడు, ఎంత చార్జీ, ఆ చార్జీ ఎలా కట్టారు. పోస్టు కార్డుల్లో ఒకదాని మీద శరణార్థి స్టాంపు కనిపించింది. "కార్డుకు అక్కరలేదు కదా అంకుల్, ఇది నకిలీనా?" అని తనే అడిగింది. సీలు చూశాం, ఇంకు వరస చూశాం, అన్నీ సరిగానే ఉన్నాయి. రాసినాయన రూలు తెలియకో, తన వంతు ఇద్దామనో ఐదు పైసలు అదనంగా పెట్టాడు. ఆ కార్డు కింద "అక్కరలేకపోయినా కట్టారు" అని రాసింది. అంతకంటే మంచి వివరణ నేను రాయలేను.

పెట్టె ఇంట్లోనే ఉంచుకోవాలని వాళ్ళు నిర్ణయించుకున్నారు. నకిలీ కవరును కూడా చివరి పేజీలో, నకిలీ అని పెద్దగా రాసి, పిన్ కోడ్ చుట్టూ చిన్న బాణం గుర్తు పెట్టి ఉంచారు. దానికి ముందు పేజీలో ఆఖరి రెండు ఉత్తరాలు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి 1973 మార్చి 31, శనివారం, తెనాలి నుంచి, శరణార్థి స్టాంపుతో. రెండోది ఏప్రిల్ 2, సోమవారం, మళ్ళీ ఆ చిన్న ఊరి నుంచి, అక్కగారిది. శ్రీరామనవమికి రమ్మని పిలుపు. ఇన్‌లాండ్ మీద అచ్చయిన 15 పైసలు తప్ప ఇంకేమీ అంటించి లేదు.